జీతం అంకె ఒక్కటే చదివాను

2013లో నేను దుబాయ్ వెళ్లింది అక్కడ పనిచేయడానికి కాదు, అక్కడి నుంచి అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్ వెళ్లడానికి. అమెరికా సైన్యం ఉండే ఆ స్థావరంలో వంట, లాండ్రీ, గోదాము పనులు కాంట్రాక్టు కంపెనీలు చేయించేవి. మన దేశం నుంచీ, నేపాల్, ఫిలిప్పీన్స్ నుంచీ మనుషులను తీసుకునేవి. ఆ మాట నిజం కాబట్టే మిగతాదంతా నమ్మాను. ‘క్యాంప్ జాబ్, డాలర్లలో జీతం’ అనేసరికి నేలకొండపల్లిలో మాకున్న చెరకు పొలం తాకట్టు పెట్టి, ఊళ్లకు తిరిగే సబ్ ఏజెంటుకు రెండు లక్షలు కట్టాను.

అతనిచ్చిన ఆఫర్ లెటర్ మీద అమెరికా జెండా ఉంది, జీతం అంకె ఉంది. కంపెనీ చిరునామా లేదు, కాంట్రాక్టు నంబరు లేదు, సంతకం కింద పేరు లేదు. అవి చూడాలని తెలియనివాణ్ణి కాదు. జీతం కనపడ్డాక మిగతాది చదవబుద్ధి కాలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ కార్యాలయం క్లియరెన్స్ కావాలి. కాంట్రాక్టు, యజమాని వివరాలు అక్కడ చూస్తారు. నేను పది పాసయ్యాను, ఆ బాధ లేదని సంబరపడ్డాను. పైగా నాది విజిట్ వీసా. ప్రభుత్వం తరఫున నా ఉద్యోగం కాగితాన్ని చూసినవాళ్లే లేరు.

దుబాయ్‌లో గది నిండా రెండంతస్తుల మంచాలు. దిగగానే స్టాంపింగ్ కోసమని పాస్‌పోర్టులు తీసుకున్నారు. ఎప్పుడడిగినా వచ్చే వారమే ఫ్లైట్ అనేవారు. వీసా గడువు దాటింది, రోజుకింతని జరిమానా పడింది. అది కట్టి, టికెట్ కొనుక్కుని ఇల్లు చేరడానికి మా ఆవిడ మళ్లీ వడ్డీకి తేవాల్సి వచ్చింది.

అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు పనులకు కార్మికుల దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదని, పాస్‌పోర్టులు లాక్కోకూడదని అధ్యక్షుడు ఒబామా 2012 సెప్టెంబరులోనే ఉత్తర్వు ఇచ్చారని తర్వాత తెలిసింది. ఏజెంటు డబ్బు అడిగినప్పుడే నేను లేచి రావాల్సింది. స్థావరాల్లో గాయపడిన, చనిపోయిన కాంట్రాక్టు కార్మికులకు, ఏ దేశంవాళ్లయినా సరే, పరిహారం ఇవ్వాలనే చట్టం 1941 నుంచే ఉంది. యజమాని పేరే లేని కాగితం పట్టుకుని నేను బగ్రామ్ చేరి ఏదన్నా అయితే, ఆ పరిహారం మావాళ్లు ఎవరిని అడిగేవాళ్లు?

రష్యాలో సైన్యానికి హెల్పర్ పని అని నమ్మి వెళ్లిన హైదరాబాద్ యువకుడు యుద్ధంలో చనిపోయాడని 2024లో చదివి చాలాసేపు మనిషిని కాలేకపోయాను.

విదేశాలకు పోవద్దని ఎవరికీ చెప్పను. కువైట్, ఖతర్‌లలో అమెరికా స్థావరాలు ఉన్నాయి, పనులూ ఉన్నాయి. మన చట్టంలో సబ్ ఏజెంటుకు చోటు లేదు. లైసెన్సున్న ఏజెంటు అయినా 30 వేలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్స్ నంబరు చూడండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి. పనిచేయబోయే దేశం వీసా, యజమాని పేరున్న కాంట్రాక్టు చేతికి రాకుండా విమానం ఎక్కకండి.