పై పోర్షన్, కింది పోర్షన్

అనంతపురం చరిత్ర ఒక చెరువుతో మొదలవుతుంది. పద్నాలుగో శతాబ్దంలో విజయనగర ప్రభువు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు పెద్ద చెరువు కట్టించాడనీ, బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే రెండు గ్రామాలు దాని ఆధారంగా వెలిశాయనీ, రెండవదే నేటి అనంతపురమనీ చరిత్రకారులు వ్రాశారు. ఒక ఊరి పేరులో సముద్రం, మరొక ఊరి పేరులో సాగరం! ఆకాశం నుండి కురిసేది మాత్రం ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. అందుకే ఇక్కడ నీటికన్నా నీటి వంతు విలువైనది. పాతూరులో నేటికీ నీరుగంటి వీధి ఉంది. తూము తీసి, చెరువు నీటిని వంతుల ప్రకారం పొలాలకు పంచే గ్రామసేవకుడే నీరుగంటి. ఆ పని పోయింది, పేరు మిగిలింది.

పాతూరు సందులు కూడా మారిపోతున్నాయి. తాడిపత్రి బండలు పరచిన అరుగులు, మట్టిమిద్దెలు ఒక్కొక్కటిగా నేలకూలి, వాటి చోట మూడంతస్తుల భవనాలు లేస్తున్నాయి. 1946లో స్థాపితమైన ఇంజనీరింగ్ కళాశాల, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ నగరానికి విద్యార్థులను, ఉద్యోగులను తెచ్చాయి. 2019లో పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. వీరందరికన్నా ముందునుంచీ, బోరు ఎండి, వేరుశనగ చేతికి రాక పల్లె విడిచినవారు వస్తూనే ఉన్నారు. మేము ఆ చివరి కోవకు చెందినవాళ్లం.

ఒక పడకగది, చిన్న హాలు, ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటగది ఉంటే చాలునని నేనూ మావారూ రెండు నెలలు తిరిగాము. ‘టు-లెట్’ బోర్డు చూసి ఆగడం, పేరు చెప్పడం, “నిన్ననే వేరేవాళ్లకు మాట ఇచ్చేశామమ్మా” అని వినడం అలవాటైపోయింది. మరుసటి శుక్రవారం అదే దారిన వెళ్తే బోర్డు అక్కడే వేలాడుతూ కనిపించేది. మనసు నొచ్చుకున్నమాట నిజం. అయితే న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. మన వీధుల్లోనూ ఇల్లు ఇచ్చేముందు ఏ ఊరు, ఏ జమాఅత్, ఎంతమంది పిల్లలు అని ఆరా తీసి తలుపు వేసినవారు మాకు ఎదురయ్యారు.

చివరకు ఒక యజమాని పై పోర్షన్ ఇచ్చారు. ఆరు నెలల అద్దె అడ్వాన్సు, పదకొండు నెలల ఒప్పందం, కుళాయి రోజు విడిచి రోజు. ఇళ్లను విశ్రాంతి స్థలాలుగా చేయడం అల్లాహ్ అనుగ్రహమని దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరా 80వ ఆయత్ గుర్తుచేస్తుంది. ఆ ఆయత్ భావం నాకు పూర్తిగా బోధపడింది ఆ గదిలో మొదటి రాత్రి చాప పరచుకున్నప్పుడే.

కింది పోర్షన్‌లో ఒక అవ్వ, ఆమె కొడుకు ఉండేవారు. పల్లెలో వారికి నాలుగెకరాల మెట్ట ఉంది. ఏరువాకకు ముందు ఆ కొడుకు విత్తనపు శెనక్కాయ మూటలు తెచ్చి తమ వంటగదిలో పేర్చాడు. వర్షం ఎప్పుడు పడితే అప్పుడు పల్లెకు తీసుకుపోవాలని ఎదురుచూపు.

ఆ వారంలోనే ఒక రాత్రి కుళాయి రాలేదు. చుక్క పడితే శబ్దానికి మెలకువ వస్తుందిలే అని కుళాయి తిప్పి వదిలేసి పడుకున్నాను. మెలకువ రాలేదు. ఫజ్ర్‌కు ముందు ఎవరో తలుపు బాదుతున్నారు. లేచేసరికి పాదాల కింద నీళ్లు! వాకిట్లో అవ్వ. “పాపా, నీళ్లు కట్టెయ్. విత్తనం తడుస్తావుంది” అన్నది. అంతే. ‘వీళ్లకు ఇల్లివ్వద్దని అందుకే అన్నాను’ అనే మాట కోసం నా చెవులు ఎదురుచూశాయి. ఆ మాట రాలేదు.

దుప్పట్లతో నీళ్లు ఒత్తుతుండగా హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గుర్తుకొచ్చారు. మదీనాలో దైవప్రవక్త (స) వారింటి కింది అంతస్తులో అతిథిగా ఉన్నప్పుడు, ఒక రాత్రి పైన నీటికుండ పగిలింది. కింద ఒక్క చుక్క కూడా పడకూడదని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక్క దుప్పటితో నీటిని అద్దారు. చిన్నప్పటినుంచి విన్న వృత్తాంతమే. దానిని ప్రవక్త (స) పట్ల ప్రేమకు నిదర్శనంగానే విన్నాను. మన నేల మరొకరి పైకప్పు అనే పాఠం కూడా అందులో ఉందని ఆ తెల్లవారుజామున తెలిసింది. వారు మేలుకున్నారు. నేను నిద్రపోయాను.

నమాజు ముగించి మావారు మూటలన్నీ మిద్దెపైకి మోశారు. కాయలు ఎండలో ఆరబోశాము. ఒక మూట మాత్రం విత్తనానికి పనికిరాకుండా పోయింది. మేము దాచుకున్న డబ్బులోంచి దాని ధర లెక్కగట్టి అవ్వ చేతిలో పెట్టాము. ఆమె లెక్క చూసుకొని తీసుకున్నది. ఒక్క రూపాయి వదల్లేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు. ఊరికే క్షమించి ఉంటే నేను ఆమెకు ఎప్పటికీ తల ఎత్తి ముఖం చూపలేకపోయేదాన్ని. తన హక్కు తాను తీసుకొని ఆమె నన్ను ఆ భారం నుండి తప్పించింది.

పదకొండు నెలలు నిండినప్పుడు ఇంటి యజమాని మాగురించి కింద విచారించారట. “వాళ్లనే ఉండనీ. నీళ్లొస్తే పాప లేపుతుంది” అన్నదట అవ్వ. నిజమే. ఆనాటినుంచి కుళాయి వంతు ఉన్న రాత్రి నేను తిప్పి వదలను. ఫజ్ర్‌కు లేవగానే చూస్తాను. నీళ్లు వస్తుంటే మెట్లు దిగి కింది తలుపు తడతాను. నాకన్నా ముందు మేలుకుంటే ఆమె చీపురు కట్టెతో పైకప్పును తడుతుంది.

ఎదురింటి మట్టిమిద్దెను నిన్న కూల్చారు. అక్కడ ఎనిమిది పోర్షన్లు కడతారట. కొత్త బోర్డు వేలాడే రోజున ఎవరో ఒకరు పేరు చెప్పి నిలబడతారు. వారికి ఏమి జవాబు వస్తుందో తెలియదు. మా సందులో మాత్రం కుళాయి రోజు విడిచి రోజే వస్తుంది. వచ్చినప్పుడు ఎవరో ఒకరు నీరుగంటి కావాలి.