కార్గో గేటు దగ్గర విన్న జీవితం

మెహిదీపట్నంలో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్ల తర్వాత ఆరాంఘర్ దగ్గర దిగుతాం. అక్కడి నుంచి బెంగళూరు హైవే మీద శంషాబాద్ ఎంతో దూరం కాదు. విమానాశ్రయం ఆవరణలోకి వెళ్లాక దారులు చీలుతాయి. పుష్పక్ బస్సులు, క్యాబులు, చుట్టాలను తీసుకుపోవడానికి వచ్చిన కార్లు ప్యాసింజర్ టెర్మినల్ వైపు పోతాయి. లారీలు, వ్యాన్లు కార్గో వైపు తిరుగుతాయి. మందుల పెట్టెలు, యంత్రాల విడిభాగాలు వచ్చిపోయే ఆ దారిలోనే ఉత్తర తెలంగాణ నుంచి కొందరు అంబులెన్సుతో వచ్చి ఆగుతారు. వాళ్లు ఎదురుచూసేది దుబాయ్ నుంచో, రియాద్ నుంచో, మస్కట్ నుంచో పెట్టెలో వస్తున్న తమ మనిషి కోసం.

2008 మార్చి 23న ఇక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల వలస కార్మికులకు ఆ రోజు నుంచి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ శంషాబాదే గడప. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఆ జిల్లాలు తమ బతుకుతెరువును మూడు మాటల్లో చెప్పుకుంటాయి. మూడోదానికి పోయినవాళ్లలో కొందరు ఇలా తిరిగొస్తారు.

ఆ రాత్రి నేను నిలబడింది మెట్‌పల్లికి చెందిన ఒక సుతారి మేస్త్రి కోసం వచ్చిన వాళ్ల పక్కన. కుటుంబం కోరిక మేరకు ఆయన పేరు రాయడం లేదు. దుబాయ్ సోనాపూర్‌లోని లేబర్ క్యాంపులో రాత్రి అన్నం తిని పడుకున్నారు, తెల్లారి లేవలేదు. గుండె ఆగిందని అక్కడి డాక్టర్లు రాశారు. తీసుకుపోవడానికి ఆయన చిన్నాయన, బావమరిది, ఒకప్పుడు ఆయనతో అదే క్యాంపులో ఉండి వచ్చేసిన దోస్తు వచ్చారు. విమానాశ్రయం నుంచి ఇంటిదాకా రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అంబులెన్సు పక్కనే ఆగి ఉంది.

విమానం దిగినంత మాత్రాన పెట్టె బయటికి రాదు. మరణ ధ్రువపత్రం, కాన్సులేట్ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎయిర్‌వే బిల్లు అన్నీ సరిపోవాలి. ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసర్ అనుమతి, కస్టమ్స్ అనుమతి ఉండాలి. 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ-కేర్ అనే పోర్టల్ పెట్టాక ఆరోగ్యశాఖ అనుమతి ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది. తీసుకునే వ్యక్తి ఆధార్ చూపించి సంతకం చేయాలి. ఎయిర్‌వే బిల్లులో సరుకు వివరం రాసే గడి ఒకటి, బరువు రాసే గడి ఒకటి ఉంటాయి. మనిషి బరువు, పెట్టె బరువు కలిపి ఒకే అంకె. బావమరిది ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ అంకె దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు.

"సంకల ఎత్తుకొని తిప్పిన పోరడు" అన్నారు చిన్నాయన. అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి. తెల్లవారేదాకా ఆ ముగ్గురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఆయన గురించి చెబుతూనే ఉన్నారు.

ఆయన తండ్రి కూడా సుతారే. పదిహేనేళ్ల వయసులో బాపు వెంట ఇటుకలు అందిస్తూ పని నేర్చుకున్నారు. మెట్‌పల్లి, కోరుట్ల మధ్య ఆయన చేతి గోడలు చాలా ఉన్నాయట. పెళ్లయి బిడ్డ పుట్టాక, చెల్లె పెళ్లికి చేసిన అప్పు పెరుగుతుంటే వీసా తీసుకున్నారు. వీసాకు తెచ్చిన పైసలకు నూటికి రెండు రూపాయల మిత్తి. మొదటి రెండేళ్ల జీతం దానికే పోయింది. భార్య చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టి ఆ రెండేళ్లు ఇల్లు నడిపింది. "నా సంపాదన కంటె నీ చాట పెద్దది" అని ఆయన ప్రతి సెలవులో పదిమందిలో అనేవారట. ఈ మాట చెప్పింది బావమరిది. అక్క గురించి అంత గౌరవంగా మాట్లాడిన బావ ఇంకొకరు లేరని చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

దోస్తు చెప్పింది క్యాంపు సంగతి. సైటుకు తీసుకుపోయే బస్సు కోసం నాలుగింటికే లేవాలి. దుబాయ్‌కి మనకు గంటన్నర తేడా కనుక అప్పటికి మెట్‌పల్లిలో ఐదున్నర. అందరూ బాత్రూం ముందు లైన్ కట్టే వేళలో ఈయన ఇమో కాల్ కలిపి బిడ్డను చదువుకు లేపేవారు. పదో తరగతి అంతా, ఇంటర్ అంతా ఆ పిల్లకు అలారం వాళ్ల నాన్నే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని యూఏఈలో నియమం ఉంది. ఆ విరామంలో మిగతావాళ్లు నీడకు కునుకు తీస్తే, ఈయన ఫోన్‌లో చిన్నకొడుకు ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. పదమూడో ఎక్కం దగ్గర వాడు తప్పితే పక్కన పడుకున్నవాళ్లే కళ్లు తెరవకుండా అందించేవారట. క్యాంపు గది మొత్తానికి ఆ పిల్లవాడు కొడుకే అయ్యాడు.

"మా రూముల ఎవనికి పానం బాగలేకున్నా గంజి కాసేది ఆయనే సార్" అన్నాడు దోస్తు. "నాకు జాండీస్ అయితె పదిరోజులు చూసుకున్నడు. ఇంటికి మాత్రం చెప్పద్దన్నడు, బెంగ పెట్టుకుంటరని."

రెండేళ్లకోసారి వచ్చే సెలవులో కూడా ఆయన ఖాళీగా కూర్చోలేదు. తన ఇంటికి తానే పునాది తీశారు, ఒక సెలవులో గోడలు, ఇంకో సెలవులో స్లాబు. చివరి సెలవులో ముందు గోడకు ప్లాస్టరింగ్ చేసి, అవ్వ కూర్చోవడానికి అరుగు కట్టారు. అవ్వకు మోకాళ్ల నొప్పులు. కూర్చుంటే లేవడానికి ఇబ్బంది పడకూడదని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి ఎత్తు టేపుతో కొలిచి ఆ కొలతకే అరుగు లేపారట.

పెట్టె చేతికి వచ్చాక శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి, సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల మీదుగా 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నేనూ వెళ్లాను. వాడకట్టు అంతా ఇంటి ముందే ఉంది. డప్పులు మోగుతుండగా శవయాత్ర కదిలింది. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పిలవమని పెద్దలు కొడుక్కి చెప్పారు. వాడు మొదటిసారి మెల్లగా "డాడీ" అన్నాడు. మూడోసారికి వీధి చివరి వరకు వినపడింది.

ఆ ఇంట్లో నేను దగ్గరగా చూసిన వస్తువు ఒకటి చెప్పాలి. బిడ్డ దగ్గర నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు ఉంది. తండ్రి పాస్‌పోర్టు ప్రతి పేజీ, వీసా, లేబర్ కాంట్రాక్టు, కంపెనీ చిరునామా, క్యాంపు బాస్ నంబరు, జీతం స్లిప్పులు, బ్యాంకు పుస్తకం, బీమా కాగితం ఒక్కో కవర్లో ఉన్నాయి. ప్రతి కవరు మీదా ఆ అమ్మాయి గుండ్రని అక్షరాలతో పేరు రాసింది. కాగితం మారిన ప్రతిసారీ ఆయన ఫొటో తీసి పంపేవారు. దాన్ని ప్రింటు తీయించి ఫైల్లో పెట్టానని ఆమె చూపించేదాకా ఫోన్ పెట్టేవారు కాదు. కబురు వచ్చిన పూటే కాన్సులేట్‌కు పంపాల్సినవన్నీ పంపగలిగింది ఆ ఫైలు వల్లే. ఏ కంపెనీయో తెలియక, పాస్‌పోర్టు నంబరు దొరకక వారాల తరబడి తిరిగిన ఇళ్ల గురించి ఆ జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. ఈ ఇంటివాళ్లకు ఆ తిరుగుడు తప్పించింది ఇంటాయనే.

ఆ బీమా కాగితం ప్రవాసీ భారతీయ బీమా యోజనది. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పోయేవాళ్లు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడతారు. ప్రమాదంలో చనిపోతే, లేదా శాశ్వతంగా అంగవైకల్యం వస్తే 10 లక్షల రూపాయలు వస్తాయి. నిద్రలో ఆగిపోయిన గుండెకు అది వర్తించదు. ఎండలో పద్నాలుగేళ్లు గోడలు కట్టిన మనిషి గుండె ఆగడం సహజ మరణం పద్దులోకి పోతుంది. ఈ పాలసీని సహజ మరణాలకూ వర్తింపజేయాలి. దుబాయ్‌లోని భారత కాన్సులేట్ చొరవతో 2024లో వచ్చిన పథకం ఏడాదికి కొద్ది దిర్హమ్‌ల ప్రీమియంతోనే సహజ మరణానికీ రక్షణ ఇస్తోంది. అక్కడ సాధ్యమైనది దేశమంతటి పాలసీలో ఎందుకు కాకూడదు? తెలంగాణ ప్రభుత్వం మాత్రం 2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్ దేశాల్లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇస్తోంది. దరఖాస్తు కలెక్టర్‌కు పెట్టుకోవాలి. ఇవి కాక, యూఏఈ కార్మిక చట్టం ప్రకారం చేసిన సర్వీసుకు గ్రాట్యుటీ రావాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల మూలవేతనం లెక్క. అది ఎవరి దయా కాదు, ఆయన కష్టం. కాంట్రాక్టు కాపీ లేక దాన్ని అడగలేకపోతున్న ఇళ్లు ఉన్నాయి.

పదకొండో రోజు మళ్లీ వెళ్లాను. వచ్చిన చుట్టాల మధ్య ఆ అమ్మాయి గ్రాట్యుటీ దరఖాస్తు నింపుతోంది. పక్కన కూర్చున్న చిన్నాయన నన్ను చూసి, "ఆయన ఎట్ల సచ్చిండో అందరు అడుగుతుండ్రు. ఎట్ల బతికిండో గూడ రాయుండ్రి" అన్నారు. అందుకే ఇది రాశాను.

గల్ఫ్ కార్మికుడంటే మనం అతను పంపిన పైసలు లెక్కపెడతాం, లేదా పెట్టెలు లెక్కపెడతాం. ఈ రెంటి మధ్య ఒక భర్త, ఒక తండ్రి, ఒక కొడుకు వేల కిలోమీటర్ల దూరం నుంచి రోజూ కాపురం చేస్తుంటాడు. మెట్‌పల్లి మేస్త్రి ఆ కాపురం ఎంత శ్రద్ధగా చేశారో ఆ నీలం ఫైలు చెబుతుంది. ఇంట్లో గల్ఫ్‌కు పోయినవాళ్లుంటే ఈ వారమే ఒక ఫైలు కొనండి. పాస్‌పోర్టు, కాంట్రాక్టు, కంపెనీ చిరునామా, బీమా, పక్క మంచం మనిషి ఫోన్ నంబరు అందులో పెట్టండి. ఫోన్ చేసినప్పుడు కాగితాల గురించి అడిగాక, తిన్నారా, నిద్ర పడుతోందా, ఛాతీలో నొప్పేమైనా ఉందా అని కూడా అడగండి. అవతలి మనిషి అవన్నీ దాచిపెట్టి, మనం బాగున్నామా అని మాత్రమే అడుగుతాడు.