లీడర్లం అనుకున్నాం

మేం ముగ్గురం. ఒకరిది పాడేరు వైపు కొండమీద ఊరు, ఒకరిది అనంతగిరి వైపు. మూడోవాడిది మాడుగుల దగ్గర, కొండ కింద ఊరు. బగత, కోదు, కొండదొర. మూడు తెగల పిల్లలం ఒకే హాస్టల్లో ఒకే గదిలో పెరిగాం. ఇది జిల్లాలు విడిపోకముందు మాట. అప్పటికి చోడవరం, పాడేరు రెండూ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి.

ఘాట్ దిగి, మాడుగుల దాటి చోడవరం వచ్చేసరికి మాకు అన్నీ కొత్తే. ఎటు చూసినా చెరకు తోటలు. సీజన్ వచ్చిందంటే గోవాడ ఫ్యాక్టరీకి చెరకు బళ్లు, ట్రాక్టర్లు వరసకట్టి పోయేవి. గాలిలో బెల్లం పాకం వాసన. కొండ మీద చలికి నెగడు చుట్టూ కూర్చున్న మాకు ఇక్కడి ఉక్కపోత అలవాటు కావడానికి ఏడాది పట్టింది. మనుషులు అలవాటు కావడానికి ఇంకా ఎక్కువ పట్టింది. సంతలో, బస్టాండులో మా మాట విని ఎవరైనా నవ్వుతారేమోనని నోరు మూసుకునేవాళ్లం. మాలో కోదు కుర్రాడు కువి మాట్లాడడం పూర్తిగా మానేశాడు. వాళ్ల నాన్న ఫోన్ చేసినా తెలుగులోనే జవాబిచ్చేవాడు.

పదో తరగతికి వచ్చాక మమ్మల్ని హాస్టల్ లీడర్లను చేశారు. ఎన్నిక ఏమీ జరగలేదు. బాగా తెలుగు మాట్లాడతారు, ఎదురు చెప్పరు, మార్కులు వస్తాయి అని పెద్దవాళ్లు మా పేర్లు రాసేశారు. మాకు ఎంత సంతోషమో! భోజనాల దగ్గర లైను నిలబెట్టడం, చిన్నపిల్లల్ని ఉదయం లేపడం, ప్రార్థనలో ముందు నిలబడడం మా పని. కూర ముందు మాకే వడ్డించేవారు. స్నానానికి ముందు బకెట్లు మావే. నాయకత్వం అంటే ఇదే అనుకున్నాం.

ఆ ఏడు వానలు తగ్గుతున్న రోజుల్లో ఆరో తరగతి పిల్లవాడొకడు జ్వరంతో పడుకున్నాడు. కోదు పిల్లవాడు. వచ్చి రెండు నెలలే అయింది. తెలుగు సరిగా రాదు. మొదటి రోజు రాత్రి మా గది గుమ్మం దగ్గరకు వచ్చి, మాలో కువి వచ్చినవాడి చెయ్యి పట్టుకుని కువిలోనే ఏదో చెప్పాడు. మావాడికి అర్థమైంది. చలి పుడుతోంది, తల పగిలిపోతోంది అంటున్నాడు. చుట్టూ వేరే పిల్లలు ఉన్నారు. మావాడు తెలుగులో, "వెళ్లి పడుకో, పొద్దున్న చూద్దాం" అన్నాడు. పిల్లవాడు వెళ్లిపోయాడు.

పొద్దున్న చూడలేదు. మర్నాడు తనిఖీకి అధికారులు వస్తున్నారని హాస్టలంతా హడావుడి. గోడలకు సున్నం, గదులు కడగడం. "జబ్బుపడ్డవాళ్లు ఎవరూ కనబడకూడదు. మీరు లీడర్లు కదా, చూసుకోండి" అని మాకు చెప్పారు. మేం చూసుకున్నాం. ఆ పిల్లవాణ్ణి లేపి, వెనక సామాన్ల గదిలో చాప వేసి, రెండు దుప్పట్లు కప్పి, తలుపు దగ్గరగా వేశాం. చప్పుడు చేయకు అన్నాం. తనిఖీ బాగా జరిగింది. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పిల్లలకు ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాం. కాగితం మీద ముగ్గురం సంతకం పెట్టాం.

సాయంత్రం సామాన్ల గది తలుపు తీసేసరికి పిల్లవాడు పలకడం లేదు. కళ్లు తెరుస్తున్నాడు గానీ మనిషిని గుర్తుపట్టడం లేదు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయారు. వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి పరీక్ష చేశారు. పావుగంట పట్టింది. మలేరియా. అది కూడా మెదడుకు ఎక్కే రకం. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని అక్కడివాళ్లు అన్నారు. ఏజెన్సీలో పుట్టినవాళ్లం. చలిజ్వరం వస్తే ఆగకూడదని, వెంటనే రక్తపరీక్ష చేయించాలని మా ఊళ్లలో ఆశా అక్కలు ఇల్లిల్లూ తిరిగి చెబుతూనే ఉంటారు. ఆ మాట వింటూ పెరిగిన మేమే ఆ పిల్లవాణ్ణి దుప్పటి కింద దాచాం.

మూడో రోజు వాళ్ల నాన్న వచ్చాడు. ఊరి నుంచి రోడ్డు దాకా నడిచి, జీపెక్కి, బస్సు మారి వచ్చాడు. భుజాన చిన్న సంచిలో చోళ్లు. మేం తల వంచుకుని నిలబడ్డాం. తిడతాడనుకున్నాం. కొడతాడేమో అనుకున్నాం. ఆయన మమ్మల్ని మంచం పక్కన నేలమీద కూర్చోమన్నాడు. తనూ కూర్చున్నాడు.

"బాబూ, నా గుంటడు జొరం అని ముందు ఎవులికి సెప్పినాడు?" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. చాలాసేపటికి మావాడు కువిలో, "నాకే చెప్పాడు మామా" అన్నాడు. హాస్టల్‌కు వచ్చాక అంతమంది ఎదుట వాడు కువి మాట్లాడడం అదే మొదలు. ఆయన ఇంకేమీ అడగలేదు. సంచి మా చేతికిచ్చి, పిల్లలందరికీ అంబలి కాచి పోయమన్నాడు. ఆ చోళ్లు మోసుకుంటూ హాస్టల్‌కు నడిచిన దూరం మేం ఎప్పటికీ మరిచిపోం.

ఆ రాత్రి ముగ్గురం నిద్రపోలేదు. ఒకళ్ల మీద ఒకళ్లం తప్పు నెట్టుకున్నాం. "నీకే కదా చెప్పాడు" అని ఇద్దరం, "దాచుదామన్నది మీరే కదా" అని అతను. తెల్లవారుజామున అలిసిపోయి ఊరి సంగతులు మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మా ఊళ్లలో తగువు వస్తే చెట్టు కిందో రచ్చబండ మీదో ఎలా కూర్చుంటారో గుర్తు చేసుకున్నాం. ఊరి నాయుడు ముందు మాట్లాడడు. బారికి వెళ్లి ఇంటింటికీ కబురు చెబుతాడు. అందరూ వచ్చాక ఒక్కొక్కరు చెబుతారు. ముసలమ్మ కూడా చెబుతుంది. పెద్దాయన అంతా విని చివర్న మాట్లాడతాడు. తెగకపోతే మర్నాడు మళ్లీ కూర్చుంటారు. అన్నీ న్యాయంగానే జరుగుతాయని మేం అనం. ఆడవాళ్ల మాట పక్కన పెట్టిన రోజులూ చూశాం. కానీ చివరి దాకా విన్నాకే పెద్దవాడు నోరు విప్పాలన్న పద్ధతి మంచిది. ఆ పద్ధతిలో పుట్టిన మేం హాస్టల్‌కు వచ్చి, వినడం మాని పెద్దవాళ్లమైపోయాం.

ఆ తెల్లవారుజామునే ఇంకొకటి తెలిసింది. కొండ కింద ఊరివాడు, "మా ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో లేదు, మీకు తెలుసా?" అన్నాడు. మాకు తెలియదు. అయిదేళ్లుగా పక్క పక్కనే పడుకుంటున్నాం, అయినా తెలియదు. మా కొండ ఊళ్లలో భూమిని గిరిజనేతరులు కొనకూడదని 1959 నాటి చట్టం, దాన్ని గట్టిపరచిన 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ఉన్నాయి. రావికమతం, మాడుగుల వంటి మండలాల్లో కొండ అంచున ఉన్న గిరిజన పల్లెలు చాలా వరకు ఆ గీత బయటే ఉండిపోయాయి. వాళ్లూ గిరిజనులే, వాళ్లకూ కొండే దిక్కు, కానీ ఆ చట్టం వాళ్ల భూమికి కాపలా కాయదు. వాళ్ల నాన్న జీడిమామిడి తోట తగువులో ఎన్నేళ్లుగా తిరుగుతున్నాడో వాడు ఆ రోజు చెప్పాడు. మేం ఎప్పుడూ అడగలేదు గనుక వాడు ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు రాత్రి భోజనాలయ్యాక పిల్లలందర్నీ వరండాలో కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాం. సామాన్ల గది సంగతి, టీ సంగతి, సంతకం సంగతి. చెబుతుంటే కాళ్లు వణికాయి. మేం దిగిపోతాం, మీకు నచ్చినవాళ్లను పెట్టుకోండి అన్నాం. ఏడో తరగతి పిల్లవాడొకడు లేచి, "దిగిపోతే ఎలా అన్నా? మీరే సరిచెయ్యాలి" అన్నాడు. అందరూ అదే అన్నారు. అలా మమ్మల్ని మొదటిసారి పిల్లలు ఎన్నుకున్నారు.

ఆ రాత్రే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఒకటి, రోజూ రాత్రి ప్రతి గదికీ వెళ్లి ప్రతి పిల్లవాణ్నీ పలకరించాకే లీడర్లు తినాలి. జ్వరం, దగ్గు, దెబ్బ ఏదున్నా ఒక నోటుపుస్తకంలో రాయాలి. జ్వరమైతే తెల్లవారకుండా పెద్దవాళ్లకు చెప్పాలి. వాళ్లు కదలకపోతే మేమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండు, ఆఫీసుకు ఏ పని మీద వెళ్లినా ఒక చిన్న తరగతి పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లాలి. అక్కడ ఏం మాట్లాడామో ఆ రాత్రే అందరికీ చెప్పాలి. మూడు, ఏ కాగితం మీద సంతకం పెట్టినా ముందు దాన్ని అందరి ముందూ చదవాలి. తెలుగులో చదివి, కువిలోనూ ఆదివాసీ ఒడియాలోనూ చెప్పాలి. కువిలో చెప్పే పని మావాడే తీసుకున్నాడు.

ఇవి చెప్పినంత తేలిక కాలేదు. రోజూ ఆకలితో గదులన్నీ తిరగడం మొదటి వారంలోనే విసుగనిపించింది. ఒక రాత్రి ఇద్దరం తిరగకుండానే తిని, పుస్తకంలో 'అందరూ బాగున్నారు' అని రాసేశాం. మూడోవాడు కనిపెట్టి ఆ పేజీ వరండాలో చదివాడు. సిగ్గుతో చచ్చిపోయాం. తర్వాత అలా చేయలేదు. "పిల్లలకు లేనిపోనివి నేర్పుతున్నారు" అని మాకు చీవాట్లూ పడ్డాయి. కూర ముందు వడ్డించడం మానేశారు. అయినా ఆ ఏడు చివరికి పుస్తకంలో పదకొండు జ్వరాలు నమోదయ్యాయి. పదకొండు మందికీ మర్నాటికే రక్తపరీక్ష అయింది.

ఇప్పుడు మేం చోడవరంలో డిగ్రీ చదువుతున్నాం. చరిత్ర పాఠంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి గురించి చదివినప్పుడు మా ఆలోచన వేరే దారిన పోయింది. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. అతని వెంట గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా పేరు దొరకని ఎందరో కొండ మనుషులు ఉన్నారు. గంటందొర బట్టిపనుకుల మునసబు. అధికారులు అతని పదవి, భూమి లాగేశారు. పోడు కొట్టనివ్వని అడవి చట్టాలు ఒకవైపు, కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పని చేయించడం ఒకవైపు. తన కష్టాన్ని ఊరి కష్టంతో కలిపి చూసుకున్నాడు గనుకే అతని వెంట జనం నడిచారు. 1924లో ఆ పోరాటంలోనే ప్రాణం విడిచాడు. మల్లుదొర ఏళ్ల తరబడి జైల్లో ఉండి బయటికొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. కొండ మనిషి ఢిల్లీ దాకా వెళ్లాడన్న సంగతి మా పదేళ్ల చదువులో ఎవరూ మాకు చెప్పలేదు.

అలాగే అనంతగిరి మండలం గనుల కేసు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వడం మీద సమత సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు వెళితే 1997 జులై 11న తీర్పు గిరిజనుల వైపు వచ్చింది. ఆ తీర్పు మాలో ఒకడి ఇంటికి దగ్గరి ఊళ్ల కథ. ఓడిపోయిన రోజు ఆ ఊళ్లవాళ్లు ఏం మాట్లాడుకుని ఉంటారా అని మేం తరచూ అనుకుంటాం. మళ్లీ కూర్చుని ఉంటారు, మళ్లీ ఒక్కొక్కరు చెప్పి ఉంటారు.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పేది ఒకటే. మిమ్మల్ని లీడరు అని ఎవరైనా అంటే, ముందు మీ గదిలో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లవాడెవరో చూడండి. వాడి పక్కన కూర్చోండి. వాడి భాష మీకొస్తే ఆ భాషలోనే పలకరించండి. సిగ్గుపడితే ఏమవుతుందో మేం చూశాం.

ఉపాధ్యాయులకూ ఒక మనవి. గొంతు పెద్దగా ఉన్నవాణ్ని, తెలుగు గడగడా చదివేవాణ్ని లీడరుగా పెట్టడం సులువు. ఎదురు చెప్పనివాణ్ని పెట్టడం ఇంకా సులువు. పిల్లలనే ఎన్నుకోనివ్వండి. కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క చూసి, ఆ భాషలు వచ్చినవాళ్లు ఒక్కొక్కరైనా లీడర్లలో ఉండేలా చూడండి. 'ఇబ్బందులు లేవు' అన్న కాగితం తెస్తే ఒకసారి సామాన్ల గది తలుపు కూడా తీసి చూడండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. పోయిన పండక్కి ఊరెళుతూ బస్టాండులో కలిశాడు. ఈ ఏడు వాణ్ని లీడరుగా ఎన్నుకున్నారట. "నోటుపుస్తకం నిండిపోయిందన్నా, కొత్తది కొనాలి" అన్నాడు. ముగ్గురం తలా కొంచెం వేసుకుని రెండు వందల పేజీలది కొనిచ్చాం.