క్లచ్ హౌసింగు కింది చిల్లు

ట్రాక్టరు కింద నూనె మరక కనబడితే మా ఇంట్లో మూడు భాషల్లో గొడవ మొదలవుతుంది. నాన్న "కారుతోంది" అంటారు. మేము "సోరుతోంది" అంటాం. సోరు అన్నది కన్నడం, తోక మాత్రం తెలుగు. రాయచూరు నుంచి వచ్చే మేస్త్రి చాచా వంగి ఒక్కసారి చూసి "లీకేజ్" అని తేల్చేస్తాడు. కన్నడ మీడియంలో చదివి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే మాకు ఏ మాటైనా ఒకటే గానీ, ఎక్కడి నుంచి కారుతోందన్నది మాత్రం ఒకటి కాదు. ఈసారి రాసేది దాని గురించే.

ఇడపనూరులో మాది మూడో తరం. తుంగభద్ర డ్యాము నీళ్ళు 1953లో వదిలాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎంతమంది సింధనూరు, మాన్వి, గంగావతి వైపు వచ్చి క్యాంపులు కట్టుకున్నారో ఇది చదివే మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తాతయ్య కూడా అలా ఎడమ కాలువని నమ్ముకుని పశ్చిమ గోదావరి నుంచి వచ్చినవారే. రాయచూరు తాలూకా అంటే ఆ కాలువకి చివర. చివరి మడికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు, వచ్చిన రోజున మాత్రం దమ్ముకి ట్రాక్టరు తయారుగా ఉండాలి. 1981లో తాతయ్య కొన్న బండి ఇంకా ఆ పనే చేస్తోంది. ఏ కంపెనీదో చెప్పం. నలభై ఏళ్ళు దాటిన ఏ బండైనా కారుతుంది, అందులో కంపెనీ తప్పేమీ లేదు.

తాతయ్యకి ఒక నోటుబుక్కు ఉండేది. నూనె మార్చిన తేదీలు, బేరింగు నంబర్లు, ఎవరికెంత బాకీ, అన్నీ అందులోనే. తెలుగు అక్షరాలు మాకు నాయనమ్మ నేర్పింది. కన్నడం వచ్చినవాళ్ళకి తెలుగు చదవడం పెద్ద పని కాదు, తలకట్టు దగ్గరే కాస్త తడబడతాం. ఆ నోటుబుక్కులో ప్రతి ఏడాదీ ఒక మాట ఉంటుంది: నాట్లు అయిన వెంటనే హౌసింగు బోల్టు తీయవలెను.

ఆ బోల్టు కథ ఇదీ. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య క్లచ్ ఉండే గది ఉంది కదా, దాని అడుగున చిన్న చిల్లు ఉంటుంది. క్లచ్ ప్లేటు పొడిగా ఉండాల్సిన వస్తువు. ముందు నుంచి ఇంజను ఆయిలో, వెనక నుంచి గేరు ఆయిలో ఆ గదిలోకి దిగితే ప్లేటుని తడపకుండా ఆ చిల్లులోంచి బయటికి పోవాలి. కానీ దమ్ములో బండి బురదలో మునుగుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. అందుకని దమ్ముకి ముందు బోల్టు బిగిస్తారు, దమ్ము అయ్యాక తీసేస్తారు. మనకి కనబడే లీకు ఆ చిల్లు దగ్గరే, అసలు లీకు లోపల ఎక్కడో.

2024 జూలై ఆఖర్లో ఆ చిల్లు నుంచి చుక్కలు మొదలయ్యాయి. అంతకు ముందే, కాలువ గట్టు మీదికి ట్రాలీతో ఎక్కుతుంటే క్లచ్ జారి బండి వెనక్కి వచ్చింది. తొక్కింది నాన్నే. బ్రేకు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి గట్టు మీద బండితో వెనక్కి జారడం అన్నది ఫోనులో వినే మాట కాదు. మేము అన్నదమ్ములిద్దరం సెలవు పెట్టి వచ్చాం.

మొదట తెల్ల కాగితం పెట్టి చూశాం. ఇంజను ఆయిలైతే నల్లగా, పలచగా ఉండాలి. ఇది తేనె రంగులో, జిగటగా, గంధకం వాసనతో ఉంది. పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కే చోట అరక్కుండా గేరు ఆయిల్లో గంధకం, ఫాస్ఫరస్ కలుపుతారు, ఆ వాసన దానిదే. అంటే ఇది మా 90 నంబరు ఆయిలే. అదే పాలలాగా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. మాది అలా లేదు, బోల్టు ఏటా వేళకి బిగించి తీసినందువల్లే అనుకుంటాం.

ఆ తర్వాత బండి అడుగంతా డీజిలుతో కడిగి, ఆరబెట్టి, అమ్మనడిగి ముగ్గుపిండి చల్లాం. బండి నడిపి చూస్తే డ్రెయిన్ ప్లగ్గు దగ్గర పిండి పొడిగానే ఉంది, పక్క జాయింట్ల దగ్గరా పొడిగానే ఉంది. తడిసింది హౌసింగు చిల్లు దగ్గరే. అమ్మ మాత్రం "ఇంటి ముందు వెయ్యమంటే వెయ్యరు గానీ" అని ఊరుకుంది.

ఇంకొకటి. వేడెక్కిన బండి ఆపి నూనె పోసే మూత వదులు చేస్తే ఉస్సుమంది. గేర్ బాక్సు పైన గాలి పీల్చుకునే చిన్న బ్రీదరు ఉంటుంది. పని చేస్తుంటే నూనె వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది, ఆ గాలి బ్రీదరు గుండా పోవాలి. మా దానికి బురదా పొట్టూ కలిసి సిమెంటులా పట్టాయి. దారి లేని గాలి నూనెని సీలు మీదికి తోస్తుంది. అది శుభ్రం చేసి మళ్ళీ నడిపితే చుక్కలు తగ్గాయి, ఆగలేదు. అంటే సీలు కూడా అరిగింది. అసలు చూడకుండా సీలు ఒక్కటే మార్చి ఉంటే కొత్త సీలూ అదే దారి పట్టేది. ఆఫీసులో మేము రోజూ అనే మాట, రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదని, ఇక్కడ బాగానే నప్పింది.

ఇంతలో ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లలో ఒకటి పోతే కాలువ చివర ఉన్నవాళ్ళ గుండెలు ఎలా ఉంటాయో అడక్కండి. పొద్దున్నే బాబాయ్ వచ్చి, "నీళ్ళే లేకపోతే దీన్ని విప్పడం ఎందుకు అన్నయ్యా, ఎక్సేంజిలో పారేద్దాం, కౌలుకిచ్చి పిల్లల దగ్గరికి పోండి" అన్నారు. నిజానికి ఆ మాట మా మనసులో కూడా ఉంది. నాన్న కాసేపు మాట్లాడలేదు. "గేటు పోయిందని డ్యామ్ అమ్మేస్తామట్రా?" అని, చాచాకి ఫోను చెయ్యమన్నారు.

సీలు మార్చాలంటే ట్రాక్టరుని నడుం దగ్గర రెండు ముక్కలు చెయ్యాలి. ఆగస్టు 15న విప్పాం. మర్నాడే వరలక్ష్మీవ్రతం. ఇంట్లో కలశం, వాకిట్లో రెండు ముక్కల బండి. ముందు యాక్సిలు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, విడదీస్తే ఇంజను పక్కకి ఒరిగిపోతుంది. అలా ఒరక్కుండా యాక్సిలుకి రెండు వైపులా చాచా కర్ర చీలికలు దిగ్గొట్టాడు. గేర్ బాక్సు కింద దుంగలు, జాకీ. ఇది మాత్రం ఎవరూ ఒంటరిగా చెయ్యకండి.

క్లచ్ ప్లేటు నూనెలో నాని, పైన కాలి అద్దంలా మెరుస్తోంది. పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసేవాళ్ళున్నారు, కానీ లోపలికి పీల్చుకున్న నూనె వేడికి మళ్ళీ బయటికి వస్తుంది. కొత్తది తెప్పించాం. షాఫ్టు మీద సీలు పెదవి ఆనిన చోట గోరు పెడితే తగిలేంత గాడి పడింది. చాచా షాఫ్టుని పైకీ కిందికీ ఊపి చూశాడు. బేరింగులో ఆట ఉంటే ఏ సీలూ నిలవదట. లేదు. అందుకని కొత్త సీలుని పాత లోతుకి కొట్టకుండా, పెదవి గాడి మీద పడకుండా కొంచెం ఇవతలే ఆపాడు. స్ప్రింగు ఉన్న వైపు నూనెకేసి. షాఫ్టు పళ్ళు రబ్బరుని కొయ్యకుండా వాటి మీద పాల ప్యాకెట్టు కవరు చుట్టి, పెదవికి నూనె రాసి, మెల్లగా ఎక్కించాడు. ఆ పాల కవరు ఏ మాన్యువల్లోనూ ఉండదు.

"ఎట్లా విప్పినం కదా బేటా, ఇంజన్ వెనక సీలు గూడ మార్చేద్దాం" అన్నాడు. అది కారట్లేదు. మా ఆఫీసు లెక్కలో దాన్ని ముట్టుకోకూడదు. కానీ వంద రూపాయల వస్తువు కోసం ఇంకో ఏడాది మళ్ళీ బండి విడదీసే కూలి లెక్క వేరు. మార్పించాం.

అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి పిల్లలకి ఆ ఫోటోలు పంపితే, అక్కడ పుట్టిన వాళ్ళ అబ్బాయి క్లచ్ అంటే ఏమిటని అడిగాడట. అక్కడ గేర్లు మార్చే కార్లు చాలా అరుదు. ఈ పేరా వాడి కోసం: ఇంజనునీ చక్రాలనీ కలిపేదీ విడదీసేదీ అదే నాన్నా, మీ తాతలు రోజంతా ఎడమ కాలితో తొక్కింది దాన్నే.

డ్యాము దగ్గర గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో, పారే నీళ్ళలోనే స్టాప్‌లాగు పలకలు ఒకదాని మీద ఒకటి దించి, వారం తిరిగేసరికి నీళ్ళు ఆపారు. ఆ వార్త టీవీలో వచ్చేసరికి మా బండి ఒక్కటైంది. చదునైన చోట నిలబెట్టి నూనె గీత దాకానే పోశాం, ఎక్కువైనా పొంగి కారుతుంది. పెడలు ఆట సరిచేశాడు చాచా. నాన్న ఖాళీ ట్రాలీతో ఒకసారి, ఇసుక బస్తాలతో ఒకసారి అదే గట్టు ఎక్కించారు. రెండోసారి మధ్యలో కావాలనే ఆపి, మళ్ళీ కదిలించారు. బండి వెనక్కి రాలేదు.

నీళ్ళు ఆలస్యంగానైనా వచ్చాయి. బోల్టు బిగించి దమ్ము చేసి, నాట్లయ్యాక తీస్తే రెండు చుక్కల బురద నీళ్ళు పడ్డాయి, నూనె లేదు. నోటుబుక్కులో తేదీ, సీలు నంబరు, బ్రీదరు సంగతి మా చేతే రాయించారు నాన్న. బోల్టుకి తీగ కట్టి టూలు పెట్టెలో వేలాడదీశాం.