అదృశ్యంతి చెప్పిన రహస్యము

1995 జనవరిలో విడుదలైన 'కరణ్ అర్జున్' అను హిందీ చిత్రము నల్లగొండ, పాలమూరు మండలముల వారికి అపరిచితము కాదు. నిజాము కాలమునుండి ఉర్దూ చెవికి అలవడిన ఈ మెట్టసీమలో హిందీ సంభాషణము పరాయిదిగా తోచదు. పైగా కథ తెలిసినదే. రాకేశ్ రోషన్ దర్శకత్వమున రాఖీ దుర్గ అను వితంతువుగా నటించినది. సల్మాన్ ఖాన్, షారుఖ్ ఖాన్ ఆమె కుమారులు. తమ తాత ఎవరో, తండ్రి ఎట్లు హతుడయ్యెనో ఆ బిడ్డలకు తెలియదు. తెలియునంతలోనే, సంపద తన చేయి దాటునను భయముతో జ్ఞాతియైన దుర్జనుడు వారిని వధించును. తల్లి కాళికాలయమున మొరపెట్టుకొనును. వారు వేర్వేరు గృహముల మరల జన్మించి, తల్లిని చేరి, పగ తీర్చుకొందురు.

పునర్జన్మమును పగకు పనిముట్టుగా చేసినారని విజ్ఞులు నవ్వవచ్చును. అంత నవ్వదగినది కాదు. అంత్యకాలమున ఏ భావము స్మరింపబడునో జీవుడు దానినే పొందునని గీత అష్టమాధ్యాయము చెప్పుచున్నది. క్రోధముతో విడిచిన ప్రాణము క్రోధవాసనతోనే మరల దేహమును వెదకుననుట శాస్త్రవిరుద్ధము కాదు. చిత్రము తప్పిన చోటు వేరు. దుర్జనుడు మరణించుటతో లెక్క ముగిసినదని అది నమ్మినది. హతులైన సోదరులకు పునర్జన్మమున్నచో, హతుడైన దుర్జనునకు మాత్రము లేకపోవునా? అతడును ఏదో ఇంట పుట్టును గదా! అతని తల్లియు ఏదో ఆలయమున గంట మ్రోగించును గదా! ఈ ప్రశ్న వేసికొన్నచో చిత్రము ఎన్నటికిని ముగియదు. సంసారమనగా అదియే.

ఈ నేలకు ఈ కథ శిలలపైననే ఉన్నది. రాచకొండ నిన్నమొన్నటి వరకు నల్లగొండ మండలములోనిది. 2016లో యాదాద్రి భువనగిరికి చేరినది. రేచర్ల వెలమ ప్రభువు సింగమనాయకుడు 1361 ప్రాంతమున జల్లిపల్లి ముట్టడిలో వంచనచే హతుడైనాడు. కుమారులు అనపోతానాయకుడు, మాదానాయకుడు శత్రుక్షత్రియులను వెంటాడి సంహరించి పితృఋణము తీర్చుకొన్న వృత్తాంతమును వెలుగోటివారి వంశావళి వర్ణించుచున్నది (దీనిని నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరింపగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించినది). 1369 నాటి అయినవోలు శాసనమున అనపోతునకు 'సోమకుల పరశురామ' బిరుదము కానవచ్చును. పిదప రాచకొండ అన్నది, దేవరకొండ తమ్మునిది.

ఆ బిరుదము యాదృచ్ఛికము కాదు. ఎల్లమ్మ పండుగనాడు బైండ్లవారు జమిడిక మీటుచు రేణుకాదేవి కథ చెప్పు ఊళ్ళు ఇవి. తండ్రిని చంపినవారి కులమును 21 పర్యాయములు తుడిచిపెట్టిన కుమారుడు ఇచ్చట ప్రతి బాలునకు తెలిసినవాడే. అయితే బిరుదు ధరించినవారు కథలో సగమే ధరించినారేమో! శమంతపంచకమున ఐదు మడుగులు రక్తముతో నింపి పరశురాముడు తర్పణము చేయగా ఋచీకాది పితరులు ప్రత్యక్షమైరి. అతడు వారిని కోరిన వరము మరొక శత్రువు కాదు. క్రోధావేశమున తాను చేసిన క్షత్రియవధ వలని పాపమునుండి విముక్తి. ఎవరి పేర హింస జరిగెనో ఆ పితరులే ఇక చాలుమనిరి.

రాచకొండలో మరొక ముచ్చట ఉన్నది. అనపోతుని కుమారుడు సింగభూపాలుడు, జల్లిపల్లిలో హతుడైన తాత పేరు పెట్టుకొన్నవాడు, 'రసార్ణవసుధాకర'మను అలంకారగ్రంథము రచించినాడు. రౌద్రమునకు క్రోధము స్థాయియని నిరూపించు శాస్త్రమది. తాత రక్తము, తండ్రి ఖడ్గము చూచిన వంశమున మూడవ తరమువాడు క్రోధమును చేతపట్టక ఎదుట నిలిపి పరిశీలించినాడు. నాటకశాలలో ఆస్వాదించిన క్రోధము రసము. ఇంటికి మోసికొని పోయినది వాసన. చలనచిత్రము చూచువారికి ఈ భేదము తెలిసిన చాలును, చిత్రమును నిందింప పనిలేదు.

తెలియవలసినది మరియొకటి కలదు. రహస్యమును ఎవరు, ఎంతవరకు చెప్పినారు? ఆదిపర్వమున బాలపరాశరుడు వసిష్ఠుని తండ్రీయని పిలుచుచుండెను. ఒకనాడు తల్లి అదృశ్యంతి కన్నీటితో, నాయనా, ఆయన నీ తండ్రి కాదు, తాత. నీ తండ్రిని అడవిలో రాక్షసుడు భక్షించినాడని చెప్పినది. ఆ మాటతో బాలుడు సమస్తలోకములను నాశనము చేయ నిశ్చయించినాడు. ఆమె చెప్పినదంతయు సత్యమే, కాని సగము. ఇరుకుబాటలో శక్తిమహర్షి, కల్మాషపాదరాజు ఎదురుపడిరి. తొలగుమని ఒకరు, నీవే తొలగుమని మరొకరు. రాజు కొరడాతో కొట్టినాడు. నరభక్షకుడవు కమ్మని శక్తి శపించినాడు. ఆ శాపమే వచ్చి మొదట శక్తినే మ్రింగినది. ఈ మండలములలో గెట్టు దగ్గర, బాట దగ్గర పాలోళ్ళ మధ్య పుట్టు తగాదాకు దీనికి ఎంత దూరమున్నది? భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు బిడ్డకు ఆ బాట సంగతి చెప్పదు, కొరడా సంగతియే చెప్పును. ఆమెను తప్పుపట్టలేము. దుఃఖమునకు అంతకు మించిన జ్ఞాపకము ఉండదు.

మిగిలిన సగము చెప్పుట వసిష్ఠుని వంతైనది. నూర్గురు కుమారులను పోగొట్టుకొని, చావబోయి, కోడలి గర్భమునుండి వేదధ్వని విని నిలిచినవాడాయన. ఆ కోడలు భయముతో వణకుచుండగా, ఎదురైన కల్మాషపాదునిపై మంత్రజలము చల్లి శాపవిముక్తుని చేసినవాడును ఆయనయే. అట్టివాడు మనుమనికి ఔర్వుని కథ చెప్పినాడు. భృగువంశమును గర్భస్థశిశువులతో సహా నరికినవారిపై ఔర్వుడు లోకదహనమునకు పూనుకొనగా, అక్కడను పితరులే వచ్చి వారించిరి. అతని క్రోధము సముద్రమున బడబాగ్నియైనది.

పరాశరుడు లోకముల జోలికి పోలేదు, కాని శాంతించలేదు కూడ. రాక్షససత్రము ఆరంభించి అనేకులను అగ్నికి ఆహుతి చేసినాడు. పులస్త్యాదులు వచ్చి, నీ తండ్రి తన శాపముచేతనే మరణించినాడని స్పష్టముగా చెప్పిన పిదపనే యజ్ఞము ఆగినది. పురాణసంహితకు కర్తవగుదువని పులస్త్యుడు ఆనాడు వరమిచ్చెనని విష్ణుపురాణము చెప్పును. ఆ సత్రాగ్నిని పరాశరుడు హిమవంతమునకు ఉత్తరమున మహారణ్యములో విడిచినాడు. అది ఆరలేదు, పర్వదినములందు రాక్షసులను, వృక్షములను, శిలలను దహించుచు నేటికిని కనబడునని వ్యాసుడు వ్రాసినాడు. ఆ వ్యాసుడు పరాశరుని కుమారుడు.