మల్లె కుండీ

అద్దె ఇంట్లో మొక్కలు పెంచాలంటే ముందు ఎండని వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీ తూర్పు వైపు. ఉదయం పది దాటితే పై అంతస్తు నీడ పడిపోతుంది. అదేమీ ఆలోచించకుండా నర్సరీ నుంచి గుండుమల్లె తెచ్చాను. ఏడాదంతా ఆకులే.

ఫోన్‌లో చెప్తే అమ్మ నవ్వింది. "మల్లెకి ఎండ కావాలే. ఆరు గంటలన్నా పడకపోతే పూయదు. నీడపట్టున కనకాంబరం వెయ్యి" అంది. వేశాను. బాగానే పూసింది. దాని ఎండుకాయల్ని తడిపితే టప్పున పగిలి గింజలు చిమ్ముతాయి. చిన్నప్పుడు ఉమ్మితో తడిపి ఒకళ్ళ మీద ఒకళ్ళం విసురుకునేవాళ్ళం.

ఊళ్ళో మా పెరడు చిన్నదే. వంటింటి నీళ్ళు పారేచోట అరటి, బచ్చలి. నూతి పక్కన కరివేపాకు. పులిసిన మజ్జిగంతా దానికే. నందివర్ధనం, మందారం నాయనమ్మ పూజకి. నిమ్మచెట్టు నాన్న కోసం. ఇన్నిట్లో అమ్మ తనకోసం వేసుకున్నది, పుట్టింటి నుంచి అంటు తెచ్చుకున్న మల్లె ఒక్కటే.

నాన్న పోయేనాటికి అమ్మకి నలభై ఆరేళ్ళు. తలలో పూలు మానేసింది. మొక్కని మాత్రం మానలేదు. ఏటా చలికాలంలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పశువుల ఎరువు వేసేది. వేసవిలో విరగబూసేది. కోసి, మాలకట్టి వీధిలో వాళ్ళకి ఇచ్చేది. మామూలు రోజుల్లో అమ్మ చేతి నుంచే తీసుకునేవారు. పేరంటం ఉన్నరోజు మాత్రం "అమ్మాయితో పంపండి వదినగారూ" అనేవారు. నేను పట్టుకెళ్ళి ఇచ్చి, శనగలు తెచ్చుకునేదాన్ని.

తర్వాత నా పిహెచ్.డి.లో వితంతువుల కథల మీద ఒక అధ్యాయం రాశాను. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహంతో మొదలుపెట్టాను. మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఆమెకి పూలు తిరిగొచ్చాయి. మరి ఇంకో మొగుడు అక్కర్లేదు, పూలు మాత్రం కావాలనుకునే ఆడమనిషికి? ఈ ప్రశ్న నా సిద్ధాంత గ్రంథంలో లేదు. ఆలిస్ వాకర్ 1974లో తల్లుల తోటల గురించి రాసిన వ్యాసాన్ని మాత్రం ఉదహరించాను. ఆమె తన తల్లి పూలతోటలో కళను చూసింది. నేనూ అమ్మ పెరట్లో కళనే చూసి మురిసిపోయాను. కోసిన పూలు ఎటు పోతున్నాయో మోసిన నాకే పట్టలేదు.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. ఇంటి ఓనరుగారిని తనే అడిగి, కుండీని డాబా మీదకి ఎక్కించింది. నేను అయ్యో అంటున్నా వినకుండా సగానికి పైగా కత్తిరించింది. "పాత కొమ్మకి ఏం పూస్తుందే? కొత్త చిగురుకే మొగ్గ" అంది. ఉగాది దాటాక మొగ్గలు తొడిగింది. అప్పుడు మళ్ళీ రమ్మన్నాను.

చిన్న మాల కట్టి ఆమె జడలో పెట్టబోయాను. "వద్దులేవే, అలవాటు తప్పింది" అని చెయ్యి పక్కకి తీసింది. ఎవరికోసం మానావని వాదనకి దిగాను. కాసేపు విని, "నువ్వు పెట్టుకో, చూస్తాను" అంది. నాకు కోపం వచ్చింది. అమ్మ జడలో ఆ మాల చూడాలన్న కోరిక ఎంతవరకు ఆమెది, ఎంతవరకు నా అధ్యాయానిది అని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

ఆ సాయంత్రం మిగిలిన మొగ్గలు గుప్పెడు తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండలో వేసింది. రాత్రి రెండుసార్లు లేచి ఆ నీళ్ళు తాగింది.