తట్టుకోవడం వేరు, తీర్పు చెప్పడం వేరు

డేటాషీట్‌ని సాహిత్యంగా ఎవరూ చదవరు. చదవక్కర్లేదు కూడా. కానీ ఏ వాక్యం ఏ సందర్భంలో అన్నారో చూసి చదవడం నాకు కథల దగ్గరకన్నా ఈ కాగితాల దగ్గరే ఎక్కువ అలవాటైంది.

ఎల్ఎం393 కంపారేటర్‌నే తీసుకోండి. రెండు ఇన్‌పుట్‌లలో ఏ వోల్టేజి ఎక్కువో చెప్పడమే దాని పని. డేటాషీట్ మొదట్లో ఆబ్సల్యూట్ మాగ్జిమమ్ రేటింగ్స్ అని ఒక పట్టిక ఉంటుంది. ఇన్‌పుట్ మైనస్ 0.3 నుంచి 36 వోల్టుల దాకా అంటుంది. మా తమ్ముడు అక్కడే ఆగిపోయాడు. అమ్మమ్మ మంచం పక్కన పెట్టడానికి వాడో చార్జింగ్ లైటు చేస్తున్నాడు. లిథియం సెల్ 4.2 వోల్టులకి రాగానే చార్జింగ్ ఆగాలి. చిప్‌కి సప్లై 5 వోల్టులు. ఒక ఇన్‌పుట్‌కి సెల్, రెండోదానికి 4.2 రిఫరెన్స్.

"36 దాకా తట్టుకుంటుందటగా అన్నయ్యా, నాలుగెంత?"

తట్టుకుంటుంది, నిజమే. ఆ గీత దాటితే చిప్ పాడవచ్చు అని మాత్రమే ఆ పట్టిక చెప్తుంది. గీత లోపలుంటే సరిగ్గా పనిచేస్తుందని మాటివ్వదు. ఆ మాట ఇంకా కింద, ఇన్‌పుట్ కామన్ మోడ్ రేంజ్ అనే వరసలో ఉంది. సున్నా నుంచి, సప్లైకన్నా 1.5 వోల్టులు తక్కువ దాకా. వేడీ చలీ అన్నీ లెక్కేస్తే 2 తక్కువ. అంటే మామూలు గదిలో 3.5, గట్టిగా నమ్మాలంటే 3. లోపలి ట్రాన్సిస్టర్లు పనిచేయడానికి పైన ఆ మాత్రం జాగా కావాలి.

దాని కింద ఒక ఫుట్‌నోట్. ఒక ఇన్‌పుట్ హద్దు దాటినా రెండోది లోపలుంటే జవాబు సరైనదే. రెండూ దాటితే జవాబుకి పూచీ లేదు. తమ్ముడి సర్క్యూట్‌లో సెల్ నిండే వేళకి రెండూ బయటే. 3.2 వోల్టుల సెల్ పెట్టి పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తీర్పు అవసరమైన క్షణంలోనే దాని మాట నమ్మలేం. లిథియం సెల్ ఓవర్‌చార్జ్ అయితే మంటలు రావచ్చు. అదీ నిద్రపోయే పెద్దావిడ పక్కన.

మందు చిన్నదే. రెండు వైపులా సమానమైన రెసిస్టర్లతో వోల్టేజిని సగం చేశాం. ఇప్పుడు పోలిక 2.1 దగ్గర జరుగుతుంది, హద్దు లోపల. చార్జింగ్ ఆపే అసలు బాధ్యత అందుకోసమే చేసిన చార్జర్ చిప్‌కి అప్పగించి, కంపారేటర్‌ని రెండో కాపలాగా ఉంచాం.

ఇప్పుడు ఏ డేటాషీట్ తెరిచినా రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాను. బతుకుతుందా? పనిచేస్తుందా? ఆఫీసులో ఎవరైనా ఒక మనిషిని చూపించి "ఇంకొంచెం లోడ్ తట్టుకుంటాడులే" అన్నప్పుడూ నాకు ఆ మొదటి పట్టికే గుర్తొస్తుంది.